చారిన్ లోయ నుంచి జార్కెంట్ దాకా: మూడు రోజుల స్టూడెంట్ ట్రిప్పు

సెలవులకి అంబాజీపేట వచ్చి పది రోజులైంది. వెంట తెచ్చిన లాజా సీసా అప్పుడే సగమైపోయింది. ఎండు మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచి, వెల్లుల్లి వేసి, పైన కాగిన నూనె పోస్తారు. అమ్మ వేడన్నంలో కలుపుకుని, "ఇది మన కారమే కదే, ఎవరు చేశారు?" అంది. చేసింది కజకిస్తాన్‌లోని షోంజీ ఊళ్ళో ఒక ఉయ్ఘుర్ పెద్దావిడ. ఉయ్ఘుర్లంటే ఎక్కువగా చైనాలోని షింజాంగ్ ప్రాంతంలో ఉండే తుర్కిక్ ముస్లింలు. ఆవిడ ఇంటికి నన్ను చేర్చిన ట్రిప్పు గురించే ఈ రివ్యూ. అల్మాటీలో మెడిసిన్ చదవడానికి మా వైపు నుంచి కూడా పిల్లలు వెళ్తున్నారు. డబ్బు కట్టే ముందు వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మనిషికి 45,000 టెంగేలు తీసుకున్నారు. మన డబ్బుల్లో ఎనిమిది వేల లోపే. పదిహేడు మందిమి, ఒక వ్యాను, రెండు రాత్రుల బస, ఒక గైడు. జూన్ మొదటి వారంలో వెళ్ళాం.

మొదటి రోజు చారిన్ లోయ. ఎర్రటి రాతి గోడల మధ్య నడుచుకుంటూ ఏటి దాకా దిగుతాం. మా ఊళ్ళో ఎత్తంటే ఏటిగట్టే, అందుకే ఆ గోడల కింద నిలబడితే మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. నీళ్ళు, టోపీ మరిచిపోకండి, నీడ ఉండదు.

రెండో రోజు కైండీ సరస్సు. 1911 భూకంపానికి కొండచరియ విరిగిపడి, వాగుకి అడ్డుకట్టలా మారి, అడవిని ముంచేసిందట. స్ప్రూస్ చెట్ల మోళ్ళు ఇప్పటికీ నీళ్ళలో నిటారుగా నిలబడి ఉన్నాయి. 2022 జూలై వరదలో మా లంకల్లో తోటలు మునిగినప్పుడు పడవలో వెళ్తూ చూసింది గుర్తొచ్చి, చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్కటే ఫిర్యాదు. సాతీ ఊరి నుంచి అక్కడికి రోడ్డు బాగుండదు, ఊరి వాళ్ళ పాత రష్యన్ వ్యానుల్లో వెళ్ళాలి. ఆ ఖర్చు ప్యాకేజీలో లేదన్న సంగతి అక్కడికి వెళ్ళాకే చెప్పారు. ముందే అడిగి తేల్చుకోండి.

మూడో రోజు షోంజీ. ప్యాకేజీ కాగితంలో "ఉయ్ఘుర్ ఇంట భోజనం, గంటన్నర" అని ఒకే ఒక్క లైను ఉంది. మేం మూడు గంటలున్నాం. ముంగిట ద్రాక్ష పందిరి, దాని కింద మన అరుగులాంటి సుపా. పెద్దావిడ పిండిని తాడులా పేని, నూనె రాసి, పళ్ళెంలో చుట్ట చుట్టి ఉంచింది. తర్వాత రెండు చేతులకీ తగిలించి, బల్ల మీద కొడుతూ సాగదీస్తుంటే క్షణాల్లో సన్నటి పోగులయ్యాయి. అదే లాగ్మాన్. పైన గొర్రె మాంసం, క్యాప్సికం, టమాటా కూర. మాంసం తినని ఇద్దరికి అప్పటికప్పుడు గుడ్డు, టమాటా వేయించి ఇచ్చింది. మా డ్రైవర్‌ని ఆవిడ "అకా" అని పిలుస్తుంటే మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాళ్ళ భాషలో అకా అంటే అన్న.

ఆవిడ భర్త దుతార్ వాయించారు. రెండే తీగెలు. గైడుకి ఉయ్ఘుర్ భాష రాదు, "ప్రేమ పాట" అని ఊరుకున్నాడు. రష్యన్ బాగా వచ్చిన మా సీనియర్ అక్క అడిగితే అప్పుడు పెద్దావిడ మొదలుపెట్టింది. 1881లో రష్యా ఇలీ లోయని తిరిగి చైనాకి ఇచ్చాక, వేల కుటుంబాలు అప్పట్లో రష్యా పాలనలో ఉన్న ఇటువైపు వచ్చేశాయి. వాటిలో వాళ్ళ తాతల కుటుంబం ఒకటి. సరిహద్దు అవతల ఉన్న పిన్ని పిల్లలతో మాట్లాడి ఏళ్ళయిందట. షింజాంగ్‌లో ఉయ్ఘుర్ల నిర్బంధాలు మానవాళిపై నేరాలు కావచ్చని 2022లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక గురించి నేను చదివే ఉన్నాను. కానీ ఆవిడ నోట విన్నాక ముద్ద గొంతు దిగలేదు.

అక్కడ ఆలస్యమై జార్కెంట్ మసీదు దగ్గర అరగంటే మిగిలింది. ఉయ్ఘుర్ వర్తకుడు వలీ అఖూన్ యుల్దాషెవ్ పూనుకుని 19వ శతాబ్దం చివర్లో కట్టించిన చెక్క మసీదు అది. ఇప్పుడు మ్యూజియం. కప్పు చైనా గుడిలా అంచుల దగ్గర పైకి తిరిగి ఉంటుంది. లోపలి చెక్క స్తంభాలు చూస్తే మా అమ్మమ్మగారి మండువా లోగిలే కళ్ళ ముందు మెదిలింది. అరగంట ఏ మూలకీ చాలలేదు.

కొండల కోసమైతే ఈ ట్రిప్పు డబ్బుకి తగినదే. నేను మాత్రం రెండో రాత్రి హోటల్ వద్దని, షోంజీలో ఇంటి బస కావాలని ముందే అడగమంటాను. ఉయ్ఘుర్ తెలిసిన గైడు కావాలని కూడా గట్టిగా చెప్పండి. ఇవి రెండూ ఉంటే అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని, ఇప్పటికి మూడున్నర.

లాజా సీసాకి డబ్బులిస్తే పెద్దావిడ తీసుకోలేదు. సెప్టెంబరులో మళ్ళీ వెళ్తానని చెప్పాను. అమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తానంటోంది. అంత దూరం విరక్కుండా చేరాలంటే అట్టపెట్టె సరిపోదు, రేకు డబ్బా వెతకాలి.