‘యూబర్‌హౌప్ట్’ అంతు తేల్చే నిఘంటువు: డీడబ్ల్యూడీఎస్

జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) పరీక్ష పాసైనవాళ్లు కూడా తడబడే మాట ‘యూబర్‌హౌప్ట్’ (überhaupt). దీన్ని పట్టుకోవాలంటే బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ సైన్స్ అకాడమీ నడిపే డీడబ్ల్యూడీఎస్ ఆన్‌లైన్ నిఘంటువే వాడమంటాను. పూర్తిగా ఉచితం.

మన తెలుగు ‘అసలు’కి ఈ మాట దగ్గరి చుట్టం. ‘ఇష్ హాబె యూబర్‌హౌప్ట్ కైనె ట్సైట్’ అంటే నాకు అసలు టైమే లేదు. ‘కాన్‌స్ట్ డు యూబర్‌హౌప్ట్ ష్విమ్మెన్?’ అంటే నీకు అసలు ఈతొచ్చా? చిక్కల్లా మన ‘అసలు’ ఎక్కడపడితే అక్కడ ఇమిడిపోవడమే. ‘అసలు నీ పేరేంటి?’ అనడానికి జర్మన్లు ‘ఐగెంట్లిష్’ వాడతారు. ‘అసలే ఆలస్యమైంది’ అనడానికి ‘ఓనెహిన్’. ఇంకో తప్పు మాటల వరసలో జరుగుతుంది, ‘అసలు కాదు’ అనేటప్పుడు: ‘యూబర్‌హౌప్ట్ నిష్ట్’ అనాలి, ‘నిష్ట్ యూబర్‌హౌప్ట్’ అనకూడదు. ‘చాలా బాగుంది’ అనడానికీ ఇది పనికిరాదు, అక్కడ ‘జేర్’ చాలు.

ఇవన్నీ కంఠస్థం చేయక్కర్లేదు, డీడబ్ల్యూడీఎస్‌లోని కోర్పస్‌లో (పుస్తకాలు, పత్రికల్లోంచి తీసిన వాక్యాల నిల్వలో) వెతికి చూసుకోవచ్చు. ‘యూబర్‌హౌప్ట్ కైన్’ (überhaupt kein) అని జర్మన్‌లో టైపు చేసి రెండు మాటల్నీ కలిపి డబుల్ కోట్స్‌లో పెట్టండి. ‘కైన్’కి ఉన్న కైనె, కైనెన్, కైనెమ్ రూపాలన్నీ వాక్యాలతో సహా వస్తాయి. కైన్ ముందు @ తగిలిస్తే ఆ ఒక్క రూపమే వస్తుంది. 1900–1999 నాటి ‘కెర్న్‌కోర్పుస్’ అనే కోర్పస్ ఎంచుకుంటే పాతకాలపు పుస్తక భాష ఎక్కువ తగులుతుంది కాబట్టి వార్తాపత్రికల కోర్పస్ మేలు. కొన్ని కోర్పస్‌లకి మాత్రం లాగిన్ కావాలి, అదీ ఉచితమే.

వోల్ఫ్‌గాంగ్ ఫైఫర్ వ్యుత్పత్తి నిఘంటువు కూడా ఇందులోనే ఉంది. ‘హౌప్ట్’ అంటే తల. తలలు లెక్కపెట్టకుండా గుత్తగా అన్న అర్థం నుంచే ఈ మాట వచ్చిందని అక్కడ చదివితే, ‘యూబర్‌హౌప్ట్ నిష్ట్’కి ‘బొత్తిగా కాదు’ అన్నంత బలం ఎందుకో బోధపడుతుంది.

లోటు ఉచ్చారణలో ఉంది. ఆడియో విడి మాటకే దొరుకుతుంది. ‘యూబర్‌హౌప్ట్ కైనె ట్సైట్’లో ‘హౌప్ట్’ని ఒత్తాలి. ఈత ప్రశ్నలో మాత్రం దాన్ని తేలిగ్గా దాటేసి ‘ష్విమ్మెన్’ని ఒత్తాలి. ఆ తేడా వినడానికి జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్ల ఉచిత వీడియో పాఠాలు చూడాల్సిందే. పైగా డీడబ్ల్యూడీఎస్‌లో వివరణలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. ఏ2 (బీ1కి ముందు స్థాయి) పూర్తికాని వాళ్లు ఇప్పుడే దీని జోలికి రాకపోవడం మంచిది.