మూడు ఓఎస్‌లకూ సిద్ధమన్న నెట్‌వర్క్ కార్డులు కొని మోసపోయాను, జాగ్రత్త

పాత సర్వర్లలోంచి ఊడదీసిన నెట్‌వర్క్ కార్డులను రీఫర్బిష్డ్ పేరుతో అమ్మే ఆ అమ్మకందారు ఎవరో, ఇలాంటివి కొనే అలవాటున్న వాళ్లకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రకటనలో "విండోస్, లినక్స్, ఈఎస్ఎక్స్‌ఐ మూడింటికీ విడివిడి ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు ఇస్తాం, మీ అవసరానికి తగ్గట్టు ముందే కాన్ఫిగర్ చేసి పంపుతాం" అని రాసి ఉంటుంది (ఫర్మ్‌వేర్ అంటే కార్డును లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం; ఈఎస్ఎక్స్‌ఐ అంటే ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ యంత్రాలను నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్). దాని కింద ఐదేసి నక్షత్రాల మెచ్చుకోళ్లు బారులు తీరి ఉంటాయి. వాటిని నమ్మి నేను మెల్లనాక్స్ సంస్థ తయారీ అయిన కనెక్ట్‌ఎక్స్-4 ఎల్ఎక్స్ కార్డులు రెండు, ఒక్కోదానికి రెండు 25 గిగాబిట్ పోర్టులున్నవి, తెప్పించుకున్నాను. నిన్న రాత్రితో అందులో ఒకటి చచ్చింది. రెండోది బతికే ఉంది కానీ దాన్ని నమ్మి ఏ యంత్రంలోనూ పెట్టలేని స్థితిలో ఉన్నాను.

అసలు ఆ ప్రకటన చదివినప్పుడే నాకు అనుమానం రావలసింది. వైఫై కార్డుల వంటి కొన్నింటిలో ఫర్మ్‌వేర్ కార్డులో శాశ్వతంగా ఉండదు. లినక్స్ అయితే ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు డ్రైవరే ఆ ఫైలును లిబ్ ఫర్మ్‌వేర్ డైరెక్టరీలోంచి తీసి కార్డులోకి ఎక్కిస్తుంది. నేను కొన్న రకం సర్వర్ కార్డుల్లో అలా కాదు. ఫర్మ్‌వేర్ కార్డు మీదున్న ఫ్లాష్ చిప్‌లోనే ఉంటుంది, కార్డును ఏ యంత్రంలో పెడితే ఆ యంత్రంలోకి దానితోపాటే వెళ్తుంది. విండోస్‌కు ఇన్‌స్టాలర్‌గా, ఈఎస్ఎక్స్‌ఐకి విబ్ ప్యాకేజీగా, లినక్స్‌కు ఆర్‌పీఎమ్‌గానో డెబ్‌గానో వచ్చేది కేవలం ఆ చిప్‌లోకి రాసే పనిముట్టు మాత్రమే; అవి రాసే బిన్ ఫైలు మాత్రం మూడింటిలోనూ ఒక్కటే. కాబట్టి "లినక్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించిన కార్డు", "విండోస్ ఫర్మ్‌వేర్ ఎక్కించిన కార్డు" అని వేర్వేరుగా అమ్మేవాడికి ఈ సంగతి తెలియదని అయినా అనుకోవాలి, తెలిసే అమ్ముతున్నాడని అయినా అనుకోవాలి. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, ఏదో మాట వరసకు అలా రాసి ఉంటారులే అని సరిపెట్టుకున్నాను. నా తెలివితేటలు ఆ మాత్రం ఉన్నాయి.

ఆర్డర్ చేసేటప్పుడు నేను రెండే కోరాను: ఎస్ఆర్-ఐఓవీ (ఒకే కార్డును పలు వర్చువల్ యంత్రాలు విడివిడి కార్డుల్లా వాడుకునే సదుపాయం) ఆన్ చేసి 16 వర్చువల్ ఫంక్షన్లు పెట్టాలి, నెట్‌వర్క్ బూట్ కోసం ఉండే పీఎక్స్‌ఈ రామ్‌ను ఆపేయాలి. "అయిపోయింది సార్, టెస్ట్ చేసి పంపుతున్నాం" అని జవాబు వచ్చింది. కార్డులు చేరాయి, ఒకటి లినక్స్ యంత్రంలోనూ ఒకటి విండోస్ యంత్రంలోనూ పెట్టాను, రెండింటిలోనూ లింకు దీపాలు వెలిగాయి, నేను కూడా ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను. ఆ నక్షత్రాలను ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే ప్లాట్‌ఫామ్ ఒప్పుకోవడం లేదు.

కథ అక్కడి నుంచి మొదలైంది. రెండు యంత్రాలూ విడివిడిగా పనిచేసినప్పుడు ఏ లోపమూ లేదు. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంటే మాత్రం పెద్ద ఫైలు కాపీ సగంలో కదలకుండా నిలబడేది, పింగ్ నాలుగు సార్లు వచ్చి ఆరు సార్లు పోయేది, ఒకదాన్ని షట్‌డౌన్ చేయగానే రెండోది ఏమీ ఎరగనట్టు పూర్తి వేగంతో పరుగెత్తేది. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టులు మార్చాను, డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, జంబో ఫ్రేమ్‌లు ఆపాను. రెండు రాత్రులు ఇలాగే గడిచాయి. చివరికి విసుగొచ్చి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మూడో యంత్రంలో, ఏ ఐపీ చిరునామా ఏ కార్డుదో చూపే ఏఆర్‌పీ పట్టిక తెరిచాను. అందులో ఆ రెండు యంత్రాల ఐపీ చిరునామాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, వాటి ఎదురుగా ఉన్న మ్యాక్ చిరునామాలు రెండూ ఒక్కటే. నా కళ్ల మీదే నాకు నమ్మకం లేక 12 అక్షరాలనూ వేలు పెట్టి ఒక్కొక్కటిగా సరిచూశాను. చివరి అక్షరం దాకా ఒక్కటే.

మ్యాక్ చిరునామా కార్డులోని ఒక్కో పోర్టుకు ఒకటి చొప్పున, ప్రపంచంలో మరెక్కడా లేకుండా ఉండాలన్నదే దాని ప్రయోజనం. అందులో మొదటి సగం ఐఈఈఈ తయారీ సంస్థకు కేటాయిస్తుంది, రెండో సగం తయారీ సంస్థ ఒక్కో పోర్టుకు విడిగా ఇస్తుంది. ఒకే చిరునామా తన రెండు పోర్టుల నుంచి వస్తుంటే పాపం స్విచ్ మాత్రం ఏం చేస్తుంది? ఆఖరుగా ఎవరు మాట్లాడితే వాళ్ల వైపుకే ఫ్రేములు, అంటే డేటా ముక్కలు, తోసేస్తుంది, మరుక్షణం రెండో కార్డు మాట్లాడగానే ఇటు తిప్పుకుంటుంది. నా రెండు రాత్రులూ ఆ అటూ ఇటూ తిరుగుడులోనే పోయాయి.

అప్పుడు లినక్స్‌లో, ఈ కార్డుల ఫర్మ్‌వేర్‌ను చదివి రాసే ఎమ్‌ఎస్‌టీఫ్లింట్ ప్యాకేజీ వేసి కార్డును క్వెరీ చేశాను, అంటే దాని వివరాలు అడిగాను. ఇదే పని కార్డు వచ్చిన రోజున చేసి ఉంటే ఇప్పుడు ఇది రాయవలసిన అవసరమే ఉండేది కాదు. అందులో పీఎస్‌ఐడీ అనే వరుస ఒకటి ఉంటుంది, అది ఆ బోర్డు ఏ రకానిదో చెప్పే గుర్తు. తయారీ సంస్థ సొంత పేరుతో అమ్మిన కార్డులకు అది ఎంటీ అనే అక్షరాలతో మొదలవుతుంది, సర్వర్ కంపెనీలు తమ కోసం చేయించుకుని తమ పేరుతో అమ్మిన వాటికి వేరే అక్షరాలతో మొదలవుతుంది. నాకు వచ్చిన వాటి మీద ఎంటీతో మొదలయ్యేదే ఉంది, కానీ దాని పక్కనే "ఒరిజినల్ పీఎస్‌ఐడీ" అనే ఇంకో వరుసలో వేరే గుర్తు కనిపించింది. అంటే ఇవి ఏదో సర్వర్ కంపెనీ కోసం తయారైన కార్డులు. వీటి మీద రిటైల్ ఫర్మ్‌వేర్‌ను బలవంతంగా ఎక్కించి రిటైల్ కార్డులని అమ్మారు. అది కూడా ఒక్కోదానికి విడిగా ఎక్కించే ఓపిక లేక, ఒక కార్డు ఫ్లాష్‌ను మొత్తంగా కాపీ తీసి మిగతా వాటి మీద అచ్చు గుద్దినట్టున్నారు, లేకపోతే రెండు కార్డులకు ఒకే మ్యాక్ వచ్చే దారి నాకు ఇంకొకటి తోచడం లేదు. ఇక నేను కోరిన కాన్ఫిగరేషన్ సంగతి అంటారా, అదే ప్యాకేజీలోని, సెట్టింగులు చూపే ఎమ్‌ఎస్‌టీకాన్ఫిగ్‌తో చూస్తే ఎస్ఆర్-ఐఓవీ ఆఫ్‌లో ఉంది, పీఎక్స్‌ఈ ఆన్‌లో ఉంది. వాళ్లు టెస్ట్ చేసి పంపింది దేన్నో వాళ్లకే తెలియాలి.

కార్డు మీద తయారీదారు అంటించే లేబుల్ ఉంటే అందులోని అసలు మ్యాక్ చిరునామాను తిరిగి రాసుకునే వీలుంది. ఆ లేబుల్ ఉండవలసిన చోట గోరుతో గీకిన జిగురు మరక మాత్రం ఉంది. వచ్చిన రోజున దాన్ని చూసి పాత సరుకు కదా, ఊడిపోయి ఉంటుందనుకున్నాను.

ఇంతవరకు జరిగింది నష్టం. అసలు ద్రోహం ఆ తర్వాత జరిగింది. తెరపటాలన్నీ జతచేసి, మ్యాక్‌లు ఒకటే ఉన్నాయి, కార్డులు మార్చి ఇవ్వండి అని మర్యాదగా రాశాను. పది నిమిషాల్లో జవాబు: "చిన్న విషయం సార్, దీనికి రిటర్న్ అక్కర్లేదు. విండోస్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పంపుతున్నాం, డబుల్ క్లిక్ చేస్తే అన్నీ సరైపోతాయి." ఒక జిప్ ఫైలు వచ్చింది, అందులో ఒక బిన్ ఫైలు, ఆదేశాలను వరసగా నడిపే ఒక బ్యాచ్ ఫైలు, వాటితోపాటు రాసే పనిముట్టు ఉన్నాయి. నేను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో దాన్ని నడిపాను. నల్లటి కిటికీ తెరుచుకుంది, శాతం అంకెలు గబగబా నూటికి చేరాయి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కిటికీ మూసుకుపోయింది. ఎంత సులువు అనుకున్నాను. యంత్రాన్ని పూర్తిగా ఆపి, పవర్ తీసి, మళ్లీ ఆన్ చేశాను. నెట్‌వర్క్ అడాప్టర్ల జాబితాలో కార్డు లేదు. తీసి లినక్స్ యంత్రంలో పెడితే, యంత్రంలోని కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐలో ఆ కార్డు పేరు చివర "ఫ్లాష్ రికవరీ" అని చేరింది, అంటే ఫ్లాష్‌లోని ఫర్మ్‌వేర్‌తో చిప్ లేవలేకపోతోందని అర్థం.

ఆ బ్యాచ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో అప్పుడు తెరిచాను, తెరవవలసిన సమయానికి సరిగ్గా అరగంట తర్వాత. అందులో ఉన్నది ఒక్క వరుస. పీఎస్‌ఐడీ వేరుగా ఉన్నా పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఒకటి, నోఎఫ్‌ఎస్ అనే ఆప్షన్ ఒకటి, అన్నిటికీ "అవును" అనుకోమనే ఆప్షన్ ఒకటి. మామూలుగా ఈ పనిముట్టు కొత్త ఫర్మ్‌వేర్‌ను ఫ్లాష్‌లో వేరే చోట రాసి, అది పూర్తయ్యేదాకా పాతదాన్ని చెడగొట్టదు. నోఎఫ్‌ఎస్ ఆ రక్షణను తీసేస్తుంది. పీఎస్‌ఐడీ మారిస్తే పరికరం చెడిపోవచ్చని, ఏం చేస్తున్నారో తెలిస్తేనే వాడమని ఆ పనిముట్టు సహాయ పేజీలోనే రాసి ఉంది. నన్ను ఆపడానికి ఉన్న హెచ్చరికలన్నిటికీ నా తరఫున ఆ అమ్మకందారే ముందుగా తలూపేశాడు, నేను డబుల్ క్లిక్ చేసి సంతకం పెట్టాను. ఆ బిన్ ఫైలును విడిగా క్వెరీ చేస్తే బయటపడింది మరో విశేషం: అందులోని పీఎస్‌ఐడీ కార్డు మీద ఉన్నదీ కాదు, దాని ఒరిజినలూ కాదు, మూడోది. అంటే ఆయన ఫోల్డర్‌లో చేతికి అందిన ఫైలు అది.

ఈ సంగతి రాసి అడిగితే వచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "ఫర్మ్‌వేర్ మీరే మార్చారు కాబట్టి వారంటీ వర్తించదు. తెలియని పనులు ఎందుకు చేస్తారు?" ఫైలు పంపింది తను, డబుల్ క్లిక్ చేయమన్నది తను, ఆ సందేశం ఇదే సంభాషణలో నాలుగు వరుసల పైన కనిపిస్తూనే ఉంది. దాన్నే తిరిగి చూపించాను. "అది సలహా మాత్రమే" అన్నాడు. ఆ తర్వాత మౌనం. కార్డు పోయినందుకంటే ఆ "ఎందుకు చేస్తారు" అన్న మాటకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ప్లాట్‌ఫామ్ వాళ్లకు ఫిర్యాదు చేస్తే లోపం స్పష్టంగా కనిపించేలా కార్డు ఫొటో పంపమన్నారు. ఫర్మ్‌వేర్‌ను ఏ కోణంలో ఫొటో తీయాలో వాళ్లు చెప్పలేదు. కార్డు పైన బంగారు రంగు అంచు మిలమిలలాడుతోంది, ఫొటోలో కొత్తదానిలాగే కనబడుతుంది.

తప్పు మొత్తం అవతలివాడి మీదకే తోసి తప్పించుకోవడం లేదు. బ్యాకప్ తీయకపోవడం నా పాపమే. ఎమ్‌ఎస్‌టీఫ్లింట్‌లో ఆర్‌ఐ అని రెండు అక్షరాలు కొడితే కార్డులోని ఫర్మ్‌వేర్ మొత్తం ఒక ఫైలుగా వచ్చేస్తుంది. ఇంటెల్ కార్డుల ఎన్‌వీఎం అప్‌డేట్ పనిముట్టులోనూ బ్యాకప్ ఆప్షన్ ఉంది, అక్కడ అయితే నేను ఎప్పుడూ మరవను. ఇక్కడ మాత్రం అమ్మినవాడే పంపిన ప్యాకేజీ కదా అన్న ధీమాతో, కొరివితో తల గోక్కున్నాను. ఎలాగూ దొంగ ఫర్మ్‌వేరే కాబట్టి దాని బ్యాకప్ దేనికని కూడా ఒక్క క్షణం అనుకున్నట్టు గుర్తు. దొంగదైనా అది లేచే ఫర్మ్‌వేర్, మరి.

చచ్చిన కార్డును లేపే ప్రయత్నం ఈ వారాంతంలో చేస్తాను. రికవరీ స్థితిలో ఉన్నా చిప్ ఫ్లాష్‌లోకి రాయనిస్తుంది కాబట్టి, రెండో కార్డులోంచి తీసిన ఫర్మ్‌వేర్‌ను ఎక్కించి చూడవచ్చు. లేచినా మళ్లీ అదే మ్యాక్‌తో లేస్తుంది, ఆ తర్వాత దేన్ని రాయాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. కొత్త తరం కార్డుల్లో తయారీదారు సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను చిప్పే నిరాకరించే ఏర్పాటు వచ్చింది, అలాంటివి ఇంత తేలిగ్గా మారువేషం వేయలేవు.

కొనబోయేవాళ్లు డబ్బు కట్టే ముందు కార్డు వెనక లేబుల్ ఫొటో, పూర్తి క్వెరీ తెరపటం అడగండి. ఒరిజినల్ పీఎస్‌ఐడీ అనే వరుస కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఫర్మ్‌వేర్‌ను తయారీదారు నుంచి మాత్రమే తెచ్చుకోండి (మెల్లనాక్స్‌ను 2020లో ఎన్విడియా కొన్నది కాబట్టి పాత కార్డుల ఫైళ్లు కూడా ఇప్పుడు వాళ్ల దగ్గరే దొరుకుతాయి). సర్వర్ కంపెనీ కార్డు అయితే ఆ కంపెనీ ఫర్మ్‌వేరే వాడండి, వేగం ఏమీ తగ్గదు. ఎవరు పంపినా సరే బ్యాచ్ ఫైలును ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఇదే అమ్మకందారు దగ్గర రెండో మూడో కార్డులు ఇదివరకే కొని ఉంటే, ఈ రాత్రికే వాటి మ్యాక్‌లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. నా కార్డులకున్న మ్యాకే మీ దగ్గరా తేలితే నాకు రాయండి, ఫొటో అడుగుతున్న ప్లాట్‌ఫామ్ వాళ్లకు ఇద్దరం కలిసి పంపుదాం.