టీనేజ్ పిల్లల నిద్ర కోసం బ్యాండ్, యాప్ కొంటున్నారా? ముందు ఇది చూసుకోండి

‘పిల్లల నిద్ర మెరుగుపరుస్తాం’ అని బ్యాండ్, యాప్ కలిపి అమ్మేవాళ్ల దగ్గర ఉచిత ట్రయల్‌లోనే డబ్బు పోవచ్చు. మొదటిరోజే కార్డు వివరాలు తీసుకుంటారు. నచ్చక యాప్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ ఆగదు, గడువు దాటగానే ఏడాది మొత్తం ఒకేసారి కట్ కావచ్చు. రద్దు చేసే చోటు ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ ప్రొఫైల్, అందులో ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మీ పేరు, ‘సబ్‌స్క్రిప్షన్స్’. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే అక్కడ రద్దు చేయండి. కంపెనీ వెబ్‌సైట్‌లో కార్డుతో కట్టి ఉంటే అది ఈ జాబితాల్లో కనిపించదు, ఆ సైట్‌లోనే లాగిన్ అయి ఆపాలి.

ఇక నిద్ర ఎంత బాగా పట్టిందో చెప్తూ బ్యాండ్ ఇచ్చే స్కోరు సంగతి. నిద్ర దశలు కచ్చితంగా తేలాలంటే మెదడు తరంగాలు కొలవాలి. మణికట్టు బ్యాండ్ చూసేది ముఖ్యంగా చేతి కదలికను, పచ్చలైటుతో నాడిని. అందుకే కదలకుండా మెలకువగా పడుకున్నా చాలాసార్లు నిద్ర కిందే లెక్కేస్తుంది. 11 గంటలకు పడుకుని 12.30 దాకా కప్పు చూస్తూ ఉన్న పిల్లాడికి ‘11.15కి నిద్రపట్టింది’ అని రాసేయొచ్చు. మంచి స్కోరు చూసి పెద్దవాళ్లు నిశ్చింతగా ఉంటారు, సాయం కావాల్సింది ఆ పిల్లాడికే. స్కోరు తగ్గితే బెంగపడి ఉన్న నిద్ర కూడా పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ఇబ్బందికి 2017లో పరిశోధకులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు పెట్టారు.

‘రాత్రి 9.30కే పడుకో’ అని మోగే యాప్‌లు అసలు వద్దు. యుక్తవయసులో నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ విడుదల ఆలస్యమవుతుంది, అంత త్వరగా పడుకోబెడితే దొర్లడమే మిగులుతుంది. 13–18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. దానికి మొదట స్థిరపడాల్సింది లేచే వేళ. సెలవురోజుల్లోనూ అది గంటకు మించి మారకూడదు.

కొనేముందు రెండు వారాలు కాగితం మీద రాయించండి: పక్క ఎక్కిన వేళ, నిద్రపట్టిందనిపించిన వేళ, లేచిన వేళ, చివరి కాఫీ. యాప్ కావాలంటే నిద్రలేమికి వాడే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స) పద్ధతి మీద నడిచేదేనా చూడండి, పాటలు, నక్షత్రాలు మాత్రమే ఉంటే వదిలేయండి. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వకండి.

ఇప్పటికే కొనేశారా? స్కోరు నోటిఫికేషన్లు ఆపి బ్యాండ్‌ను వైబ్రేషన్ అలారంగా వాడుకోండి, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టించండి. గట్టి గురకతో మధ్యలో ఊపిరి ఆగుతున్నా, సరిపడా నిద్రపోయినా పగలు తూగుతున్నా, బ్యాండ్ ఏం చూపించినా సరే, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.