నవ్వించడంలో ఎవరు మేలు: లూసియనా, ప్లేటోనా?

గ్రీకు తత్వం అనగానే తలనొప్పి అనుకునేవాళ్లకి నేను ముందు లూసియన్ అనే వ్యంగ్య రచయిత పేరే చెబుతాను. క్రీ.శ. 2వ శతాబ్దంలో యూఫ్రటీస్ నది ఒడ్డున, సమొసాటలో పుట్టినవాడు. అతను రాసిన ఒక సంభాషణలో జ్యూస్ దేవుడు తత్వవేత్తల్ని వేలానికి పెడతాడు. ప్లేటో మాటలు వల్లించే సోక్రటీస్ 2 టాలెంట్లు (అప్పటి పెద్ద మొత్తం) పలుకుతాడు, పాపం డయోజెనిస్ 2 ఓబోళ్లకే (చిల్లర నాణేలు) పోతాడు. లెక్కేస్తే 36,000 రెట్లు తేడా! దేన్నీ నమ్మని పిరోని ఒకడు కొని, "నిన్ను కొన్నట్టేనా?" అనడిగితే, అదింకా తేలలేదంటాడు. డబ్బు కట్టాక కూడా అదే మాట.

అసలు డయోజెనిస్ ఇంతకంటే గట్టివాడు. మనిషంటే ఈకలు లేని రెండు కాళ్ల జంతువని ప్లేటో నిర్వచిస్తే, ఈకలు పీకిన కోడిని తెచ్చి "ఇదిగో ప్లేటో మనిషి" అన్నాడట. ఆ దెబ్బకి నిర్వచనంలో "వెడల్పాటి గోళ్లు" కూడా చేర్చారంటారు. కానీ డయోజెనిస్ రాసినవి మిగల్లేదు, ఇవన్నీ ఎవరో చెప్పుకున్న కబుర్లు. చదవడానికి కాదు, నలుగురిలో చెప్పడానికి బాగుంటాయి.

ప్లేటో దారి వేరు. తన సంభాషణల్లో ఆయన మాట్లాడించే గురువు సోక్రటీస్ ఎవరినీ తిట్టడు, మునగచెట్టు ఎక్కిస్తాడు. హోమర్ కావ్యాలు వినిపించే అయాన్ అనేవాడు, ఆ కావ్యాల వల్ల తనకి సైన్యం నడపడం కూడా వచ్చేసిందంటాడు. మరి ఏథెన్స్ నిన్ను సేనాపతిగా ఎందుకు పెట్టుకోలేదయ్యా అని సోక్రటీస్ అమాయకంగా అడుగుతాడు. అంతే, కొమ్మ విరుగుతుంది.

లూసియన్ జోకులు మొదటిసారి పకపకా నవ్విస్తాయి, రెండోసారి కాస్త పలచబడతాయి. ప్లేటోవి తిరిగి చదివినప్పుడే గుచ్చుకుంటాయి, అందుకే నా ఓటు ఆయనకే. ఉదాహరణకి యూతిఫ్రో అనేవాడితో సాగే సంభాషణ. అతను, ఒక కూలివాడి చావుకి కారణమయ్యాడని కన్నతండ్రి మీదే హత్య కేసు వేసి, దేవుళ్లకి ఏది ఇష్టమో తనకి బాగా తెలుసంటాడు. సోక్రటీస్ ఎంతో వినయంగా, నన్ను శిష్యుడిగా చేర్చుకో, నా మీద ఉన్న కేసులో పనికొస్తుంది అంటాడు. చివరికి జవాబు దొరక్క యూతిఫ్రో తొందర పని ఉందని జారుకుంటాడు. దైవభక్తి అంటే ఏమిటో చెప్పకుండానే వెళ్లిపోయాడే అని సోక్రటీస్ వాపోతాడు. ఆయన మీదున్న కేసు దైవద్రోహం. క్రీ.పూ. 399లో విషం తాగించింది ఆ కేసులోనే.