డబ్బా మీద 500 లీటర్లని ఉంది కదా అని చేపలు నింపకండి: నా స్కిమ్మర్‌తో రెండేళ్ల అనుభవం

స్కిమ్మర్ అంటే ఉప్పునీటి చేపల ట్యాంక్‌లోని మడ్డిని బుడగలతో నురగ చేసి బయటికి లాగే పరికరం. నాదాని మీద నాకున్న కోపమంతా ఒక్క అంకె మీదే. డబ్బా ముందువైపు పెద్ద పెద్ద అక్షరాల్లో "500 లీటర్ల వరకు" అని ఉంటుంది. అదే డబ్బాని పక్కకి తిప్పి, కళ్లు చికిలించుకుని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: చేపలు తక్కువుంటే 500, ఓ మాదిరిగా ఉంటే 350, నిండుగా ఉంటే 200. ముందువైపు అంకె ఒక్కటే చూసి కొత్తగా ఉప్పునీటి ట్యాంక్ పెట్టేవాళ్లు ఏం లెక్క వేస్తారో నాకు బాగా తెలుసు. "నాది 200 లీటర్ల ట్యాంకే, స్కిమ్మర్ 500కి సరిపోతుందట, అంటే మామూలుగా పెంచేవాటికి రెట్టింపు చేపలు పెట్టినా ఢోకా లేదు" అనుకుంటారు. అమ్మేవాళ్లు కూడా ఈ లెక్కే చెప్తారు, ఎందుకంటే వాళ్ల దగ్గర చేపలూ ఉంటాయి కదా. పైగా ఈ అంకెలకి అందరూ ఒప్పుకున్న కొలమానం అంటూ ఏదీ లేదు, ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే.

వాట్లు, కొలతలు, పంపు రకం లాంటివి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నాది సంప్‌లో (ప్రధాన ట్యాంక్‌కి కలిపి ఉండే రెండో తొట్టెలో) పెట్టే రకం, అంతే.

ముందు మంచి చెప్తాను. దీని కప్పంటే, అంటే ఆ మడ్డి నురగ వచ్చి పడే గిన్నంటే, నాకు నిజంగా ఇష్టం. మెడ వెడల్పుగా ఉంటుంది, చేత్తో తిప్పితే ఊడొస్తుంది, కింద చిన్న కుళాయి ఉంది, ట్యాంక్ పక్కన నేల మీద ఒక్క చుక్క పడకుండా ఖాళీ చేయొచ్చు. కంపు మాత్రం మామూలుగా ఉండదు, ముక్కు మూసుకోవాల్సిందే. అయినా రోజూ పొద్దున్నే ఆ కప్పు చూడటం నాకు అలవాటైపోయింది, ఎందుకంటే ట్యాంక్‌లో ఏం జరుగుతోందో టెస్ట్ కిట్ కంటే ముందు అదే చెప్తుంది. ఫ్రోజెన్ మైసిస్‌ని (చేపలకి వేసే గడ్డకట్టిన చిన్న రొయ్యల్లాంటి తిండిని) కడగకుండా ఆ నీళ్లతో సహా వేస్తే మర్నాడు కప్పు ముదురు రంగులోకి తిరుగుతుంది. ఓ పెద్ద నత్త రాళ్ల వెనక చచ్చి పడి ఉందని నాకు తెలిసింది కూడా ఇలాగే, ఉన్నట్టుండి రెండు రోజుల్లో కప్పు నిండిపోయింది. కొత్త చేప వచ్చిన ప్రతిసారీ కప్పు నిండే వేగం మారింది. రెండు ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్‌లతో మొదలుపెట్టి, వారాల తరబడి ఆగి రాయల్ గ్రామా, మళ్లీ ఆగి ఓ టెయిల్‌స్పాట్ బ్లెన్నీ, ఆ తర్వాత పిస్టల్ రొయ్యతో కలిసి బతికే ఓ గోబీ. కప్పు రంగూ, నీళ్లలో పేరుకునే వ్యర్థమైన నైట్రేట్ అంకే రెండూ కుదుటపడేదాకా తర్వాతి చేప జోలికి పోలేదు. గోబీ వచ్చాక ఇక చాలనిపించి ఆపేశాను. ట్యాంక్ చూసినవాళ్లందరూ "ఇంత ఖాళీగా ఉందేంటి" అనే అంటారు.

ఖాళీ అంటే గుర్తొచ్చింది. 200 లీటర్ల ట్యాంక్‌లో 200 లీటర్ల నీళ్లుండవు. రాళ్లు, ఇసుక, పైన వదిలే జాగా తీసేస్తే నా దాంట్లో ఉన్నవి 150 చిల్లర. ఉప్పు కలిపేటప్పుడు వాడిన బకెట్లు లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నా. సంప్ కలిపితే ఇంకాస్త.

ఇప్పుడు ఆ 500 అంకె ఎందుకు మోసమంటున్నానో చెప్తాను. స్కిమ్మర్ నీళ్లలో కరిగిన ప్రొటీన్లు, కొవ్వులు, ఇంకా అలాంటి మడ్డిని బుడగలకి అంటించి, అవి కుళ్లకముందే బయటికి లాగేస్తుంది. అది చేసే పని అంతవరకే. కానీ చేప వదిలే నత్రజని వ్యర్థంలో ఎక్కువ భాగం మొప్పల్లోంచి నేరుగా అమ్మోనియాగానే నీళ్లలోకి వస్తుంది, దాన్ని బుడగలు పట్టుకోలేవు. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చాల్సింది రాళ్లలో ఉన్న బ్యాక్టీరియానే. ఆ బ్యాక్టీరియా ఏమో ఉన్న చేపలకి, వేస్తున్న తిండికి తగ్గట్టే పెరిగి ఉంటుంది, ఒకేసారి నాలుగు చేపలు తెచ్చి పడేస్తే రాత్రికి రాత్రి రెట్టింపైపోదు. కొత్త ట్యాంక్ సైకిల్ అవడానికి, అంటే ఈ బ్యాక్టీరియా మొదట స్థిరపడడానికి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందంటారు, అది పూర్తయినంత మాత్రాన ఎన్ని చేపలైనా తట్టుకుంటుందని కాదు. వెయ్యి లీటర్ల స్కిమ్మర్ తెచ్చి పెట్టినా ఈ విషయంలో మార్పేమీ ఉండదు.

ఇంతకంటే పెద్ద సంగతి గాలి. దీన్ని ఏ డబ్బా మీదా రాయరు, నాకు కూడా స్కిమ్మర్ మొరాయించిన రోజే పూర్తిగా అర్థమైంది.

ఎండలు ముదిరిన రోజులు. ట్యాంక్ మామూలుగా 26 డిగ్రీల దగ్గర ఉండేది 29 దాటింది. పొద్దున లేచి చూస్తే క్లౌన్ ఫిష్‌లు రెండూ నీటి పైభాగంలో, పంపు నీళ్లు పడే మూల దగ్గర చేరి నోళ్లు తెరుస్తున్నాయి. గ్రామా ఎప్పుడూ తన గుహలో ఉండేది, అదీ బయటికొచ్చి మొప్పలు గబగబా ఆడిస్తోంది. అమ్మోనియా చూశాను, సున్నా. ఉప్పు సాంద్రత 1.025, సరిగ్గానే ఉంది. స్కిమ్మర్ పంపు తిరుగుతోంది, మీద చెయ్యి పెడితే సన్నగా వణుకు తెలుస్తోంది. కాకపోతే లోపల నురగ లేదు, గొట్టం నిండా తేటనీళ్లు. గాలి లాగే సన్నటి ట్యూబ్ ఉంటుంది కదా, అది పంపులోకి దిగే చోట ఉప్పు గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోయింది. పంపు నీళ్లని లోపలికీ బయటికీ తిప్పుతోందంతే, బుడగ అన్నదే లేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఈ మోడల్‌కి పేరు తెచ్చింది దాని నిశ్శబ్దం. కొన్నప్పుడు నేనూ అందరికీ అదే గొప్పగా చెప్పాను, పడగ్గదిలో కూడా పెట్టుకోవచ్చని. సరే, గాలి ఆగిపోతే ఏమవుతుంది? ఆ కాస్త సుయ్యిమనే చప్పుడు కూడా పోయి ఇంకా నిశ్శబ్దమవుతుంది. అంటే చెడిపోయిన స్కిమ్మర్, బాగున్న స్కిమ్మర్ కంటే ప్రశాంతంగా ఉంటుంది! లైటు లేదు, బీప్ లేదు, యాప్ ఉన్న ఖరీదైన రకాల్లో కూడా చాలావరకు పంపు తిరుగుతోందా లేదా అనే చూస్తాయి, గాలి వస్తోందా అని కాదు. రాత్రి ఎప్పుడు ఆగిందో తెలిసే దారే లేదు.

ట్యూబ్ ఊడదీసి గోరువెచ్చటి ఆర్‌ఓ నీళ్లు పోశాను, ముందు ఏమీ కాలేదు, కాసేపాగి మళ్లీ పోస్తే గడ్డ కరిగి ఒక్కసారిగా గుర్రుమని గాలి లాగింది. మరో పక్క వేవ్‌మేకర్‌ని (ట్యాంక్‌లో అలలు పుట్టించే పంపుని) పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా పెట్టాను. గంట గడిచేసరికి చేపలు కిందికి దిగాయి. ఒక్కటీ పోలేదు.

పోకపోవడానికి కారణం స్కిమ్మర్ గొప్పతనం కాదు, చేపలు ఐదే ఉండటం. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది, సముద్రపు నీళ్లలో అదే 7 కంటే తక్కువ. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా పడిపోతుంది, చేపలకి మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. రాత్రిపూట పగడాలు, నాచు, బ్యాక్టీరియా అన్నీ ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేసుకునేవే. మంచినీటి ట్యాంక్‌ల నుంచి ఇటు వచ్చినవాళ్లు అక్కడి లెక్కలు ఇక్కడ పెట్టకూడదనేది అందుకే. చాలా ట్యాంకుల్లో నీళ్లలోకి గాలి కలపడంలో పెద్ద వాటా స్కిమ్మర్‌దే, చేపలు ఎక్కువైనకొద్దీ మనకి తెలియకుండానే వాటి ఊపిరంతా ఆ సన్నటి ట్యూబ్ మీద వేలాడుతుంది.

నాకు తెలిసినాయన ఒకరు ఇదే స్కిమ్మర్, ఇంచుమించు ఇదే సైజు ట్యాంక్ పెట్టారు. ముందువైపు అంకెని నమ్మి ఎల్లో టాంగ్, బ్లూ టాంగ్, ఓ గుంపు క్రోమిస్, క్లౌన్‌లు అన్నీ వేశారు. చాలాకాలం నీళ్లు మెరిసిపోయేవి, నేను చూశాను, నైట్రేట్ కూడా మరీ ఎక్కువేం లేదు, ఆ విషయంలో స్కిమ్మర్‌ని తప్పుపట్టలేను. తర్వాత ఓ రాత్రి పంపు లోపలి చక్రానికి సున్నం పట్టి తిరగడం ఆగింది. తెల్లారేసరికి టాంగ్‌లు రెండూ పోయాయి, పెద్ద శరీరాలు కదా, ముందు వాటికే ఊపిరాడదు. అవి ఎక్కడో రాళ్ల మధ్య ఇరుక్కుని కుళ్లడంతో అమ్మోనియా లేచి, ఆ వారంలో క్రోమిస్‌లు కూడా ఒక్కొక్కటీ తేలాయి. స్కిమ్మర్ ఆగింది ఒక్క రాత్రే.

ఆ టాంగ్‌ల గురించి ఇంకో మాట చెప్పాలి. అమ్మేటప్పుడు బ్లూ టాంగ్ అగ్గిపెట్టె అంత ఉంటుంది, పెరిగితే 30 సెంటీమీటర్ల వరకు వెళ్తుంది. ఎల్లో టాంగ్ 20 దాకా. చేప పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది, తినేదీ వదిలేదీ దానికి తగ్గట్టే పెరుగుతాయి. "ఇన్ని లీటర్లకి ఇన్ని అంగుళాల చేప" అనే సూత్రం మూడు చిన్న చేపలకీ ఒక పెద్ద చేపకీ ఒకే లెక్క కడుతుంది, అందుకే నేను దాన్ని పట్టించుకోను. ఆ చేప పూర్తిగా ఎంత పెరుగుతుంది, రోజూ ఎంత తిండి వేయాలి అనే చూస్తాను. చవగ్గా వస్తుంది, ఏమైనా తట్టుకుంటుంది అని డామ్సెల్స్‌తో మొదలుపెట్టేవాళ్లకి వేరే బాధ: అవి ట్యాంక్‌నంతా సొంతం చేసుకుని, తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ తరుముతాయి. వాటిని పట్టి బయటికి తీయాలంటే రాళ్లన్నీ పీకాలి.

మళ్లీ స్కిమ్మర్ దగ్గరికొస్తే, పైన పొగిడినవాటిలో కొన్నిటికి చిన్న సవరణలున్నాయి. నిశ్శబ్దం అన్నది పంపు శుభ్రంగా ఉన్నన్నాళ్లే. రెండు మూడు నెలలకోసారి విప్పి వెనిగర్ నీళ్లలో నానబెట్టకపోతే గరగర మొదలవుతుంది. కప్పు నేల మీద చుక్క పడకుండా ఖాళీ అవుతుందన్నాను, అది కప్పు నిండి పొర్లనప్పటి మాట. పగడాలు అతికించే ఎపాక్సీ వాడిన రోజు నురగ పిచ్చిగా పొంగి, కప్పు నిండి సంప్‌లోకే తిరిగి పడింది, మూత తీసి గాలి తగ్గిస్తే గానీ ఆగలేదు. చేతికి లోషన్ రాసుకుని ట్యాంక్‌లో పెడితే అసలు నురగే రాదు, గంటల తరబడి. కొత్తలో వారం పది రోజులు కప్పులో ఏమీ పడకపోతే కంగారు పడకండి, లోపల పొర పట్టేదాకా అంతే.

ఇంకోటి, కప్పు త్వరగా నిండాలని పల్చటి నురగ వచ్చేలా సెట్ చేసుకునేవాళ్లు ఉప్పు కొలుస్తూ ఉండండి. కప్పులో పడేది ఉప్పునీళ్లే, ఆ లోటుని ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీళ్లని దానంతటదే నింపే పరికరం) మంచినీళ్లతో నింపుతుంది, సాంద్రత మెల్లమెల్లగా జారిపోతుంది. నాకు 1.026 నుంచి 1.024కి వచ్చాక గమనింపుకొచ్చింది. ఇప్పుడు నురగ కాస్త గట్టిగానే ఉంచుతున్నా.

మరి కొనొచ్చా? నా సంగతి చెప్తాను, మీ లెక్క మీరు చూసుకోండి. నాది 200 లీటర్లు, ఐదు చిన్న చేపలు, మెత్తటి పగడాలు, వారం వారం పది శాతం నీళ్లు మారుస్తాను. సంప్‌లో నీటి ఎత్తు 18 సెంటీమీటర్ల దగ్గర కదలకుండా ఉంటుంది, ఈ మోడల్‌కి అది బాగా కుదిరింది. ఎత్తు మారుతూ ఉండే సంప్ అయితే ఇది రోజుకో రకంగా నురగ ఇస్తుంది, విసుగొస్తుంది. మీది 60, 70 లీటర్ల చిన్న ట్యాంక్ అయి, రెండు చేపలతో సరిపెట్టుకునేవాళ్లయితే స్కిమ్మర్ డబ్బులు ఉప్పు కొలిచే మంచి రిఫ్రాక్టోమీటర్ మీద, ఆర్‌ఓ యూనిట్ మీద పెట్టండి, నీళ్లు మార్చడంతోనే గడిచిపోతుంది. గట్టి పగడాలు పెంచేవాళ్ల అవసరాలు వేరు, నాకు ఆ అనుభవం లేదు కాబట్టి మాట్లాడను. కొనేవాళ్లు మాత్రం డబ్బా పక్కవైపున్న మూడో వరుస, అంటే చేపలు నిండుగా ఉన్నప్పటి అంకె, దాన్నే మీ ట్యాంక్ సైజుతో పోల్చుకోండి. అది సరిపోయినా కూడా చేపలు తక్కువే వేయండి.

మళ్లీ కొనాల్సొస్తే నేను ఇదే కొంటానేమో, కప్పు కోసం. ప్రస్తుతానికి గాలి ట్యూబ్‌లో వారానికోసారి గోరువెచ్చటి ఆర్‌ఓ నీళ్లు పోస్తున్నా, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సంప్ పక్కన ఉంచాను, కరెంటు పోతే దానంతటదే మొదలవుతుంది. ట్యూబ్ మూసుకుపోతే మాత్రం దానికీ తెలియదు, కాబట్టి పడుకునే ముందు ట్యూబ్ చివర తడి వేలు పెట్టి గాలి లాగుతోందో లేదో చూస్తున్నా. రెండు సెకన్ల పని.