పెన్షన్‌తో ఇంటికొచ్చిన జవానుకు ఏది మేలు: బ్యాంకా, డిఫెన్స్ సెక్యూరిటీ కోరా, సెక్యూరిటీ ఉద్యోగమా?

సిపాయిగా, నాయక్‌గా, హవల్దార్‌గా సైన్యం నుంచి బయటికి వచ్చేవాళ్లలో చాలామంది వయసు నలభైకి కాస్త అటూ ఇటూ. పిల్లలు హైస్కూలు దాటి ఉండరు. పదిహేనేళ్ల సర్వీసు నిండింది కాబట్టి పెన్షన్ వస్తుంది, కానీ దానితోనే ఇల్లు గడవదు. రెండో ఉద్యోగం తప్పదు. మన ఊళ్లలో ఈ మాట వచ్చినప్పుడు ఎక్కువగా వినిపించేవి మూడు దారులు: సెక్యూరిటీ ఏజెన్సీ, రక్షణ స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ అనే డీఎస్సీ (టీచర్ల డీఎస్సీ కాదు), ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కు. నాలుగేళ్లకే బయటికి వచ్చే అగ్నివీరులకు పెన్షన్ ఉండదు కాబట్టి వాళ్ల లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ రాస్తున్నది పెన్షన్‌దారుల గురించే.

సెక్యూరిటీ ఉద్యోగం అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతుంది. అందుకే చాలామంది అందులోనే ఉండిపోతారు, నన్ను బాధపెట్టేది అదే. పునరావాస డైరెక్టరేట్ (డీజీఆర్) గుర్తించిన ఏజెన్సీ ద్వారా ప్రభుత్వ సంస్థలో చేరితే పీఎఫ్ ఉంటుంది, జీతానికి ఒక లెక్క ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ అయితే అవేవీ ఉంటాయన్న నమ్మకం లేదు. సరిహద్దులో ఒక సెక్షన్‌ను, అంటే జవాన్ల చిన్న జట్టును నడిపిన మనిషి వచ్చేపోయే కార్లకు గేటు తీస్తూ ఇరవై ఏళ్లు గడపాల్సిన అవసరం లేదు. బ్యాంకు పరీక్షకు చదువుకునే రోజుల్లో చేతిఖర్చుకు పనికొస్తుంది, అంతవరకే.

డీఎస్సీ సంగతి వేరు. 1947లో ఏర్పడిన ఈ దళానికి కేంద్రం కేరళలోని కన్నూరు. ఆయుధ డిపోలు, వైమానిక స్థావరాలు, డీఆర్‌డీఓ ప్రయోగశాలల వంటి చోట్ల కాపలా వీళ్లదే. రాత పరీక్షల గొడవ పెద్దగా లేదు, పని తెలిసినదే, యూనిఫాం అదే. మొదటి పెన్షన్ తీసుకుంటూనే అక్కడ పదిహేనేళ్లు పూర్తిచేస్తే రెండో పెన్షన్ కూడా వస్తుంది. ఈ ఒక్క కారణంతోనే చాలామంది మొగ్గుతారు, తప్పు పట్టలేం. కానీ హవల్దార్‌గా రిటైరైనవాడు సాధారణంగా మళ్లీ సిపాయిగానే మొదలుపెట్టాలి. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడవచ్చు. నలభైలో చేరితే రెండో పెన్షన్‌కు యాభై అయిదు వస్తాయి. పిల్లల ఇంటర్, డిగ్రీ, పెళ్లి, అమ్మానాన్నల ముసలితనం అన్నీ ఆ పదిహేనేళ్లలోనే. అప్పటిదాకా ఫోనులోనే సంసారం చేసిన కుటుంబానికి ఇది చాలా పెద్ద ధర.

అందుకే నా మొగ్గు బ్యాంకు వైపు. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికుల కోటా 14.5 శాతం. అందులో 4.5 శాతం సర్వీసులో వైకల్యం పొందినవారికి, అమరుల కుటుంబాలకు. వయసు గురించి బెంగ అక్కర్లేదు. చేసిన సర్వీసుకు మరో మూడేళ్లు కలిపి సడలింపు ఇస్తారు, యాభై ఏళ్ల పరిమితికి లోబడి. డిగ్రీ లేకపోయినా పదో తరగతి చదివి, పదిహేనేళ్ల సర్వీసు చేసి, సైన్యం ఇచ్చే ప్రత్యేక విద్యా ధ్రువపత్రం ఉన్నవాళ్లు అర్హులే. ఖాళీలు రాష్ట్రాలవారీగా ఉంటాయి, స్థానిక భాష రావాలి. దరఖాస్తు చేసిన రాష్ట్రంలోనే ఉద్యోగం చేయవచ్చన్నమాట. ఇంటర్వ్యూ లేదు.

అడ్డు పరీక్షే. ప్రిలిమ్స్‌లో గంటలో వంద ప్రశ్నలు: ఇంగ్లిష్ ముప్ఫై, లెక్కలు ముప్ఫై అయిదు, రీజనింగ్ ముప్ఫై అయిదు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. శాతాలు, చక్రవడ్డీ వదిలేసి ఇరవై ఏళ్లయినవాడికి మొదటి నెలలు కష్టంగానే ఉంటాయి. అయితే సర్వీసు ముగియడానికి ఏడాది లోపు ఉన్నప్పుడే దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ ఏడాదిని చదువుకు పెట్టినవాడికీ ఇంటికొచ్చాక చూద్దాం అనుకున్నవాడికీ చాలా తేడా ఉంటుంది.

చేరాక పని కూడా సుఖమేమీ కాదు. ఉదయం కౌంటర్ తెరవగానే డ్వాక్రా సంఘాల మహిళలు, బంగారం తాకట్టు పెట్టే రైతులు, పాస్‌బుక్కులో డబ్బు పడిందో లేదో చూడమనే ముసలివాళ్లు. సాయంత్రం క్యాష్ లెక్క తేలాలి. అయిదొందలు తగ్గితే జేబులోంచి కట్టాల్సింది క్యాషియరే. పాతికేళ్ల అధికారి దగ్గర కంప్యూటర్ పని నేర్చుకోవాలి. కోపం తొందరగా వచ్చేవాళ్లకు, కూర్చుని చేసే పనంటే గిట్టనివాళ్లకు ఈ కౌంటర్ సరిపడదు. వాళ్లకు డీఎస్సీయే నయం. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో చేరినవాళ్లకు పాత పెన్షన్ కాకుండా ఎన్‌పీఎస్ (జీతంలోంచి నెలనెలా వాటా కట్టే జాతీయ పెన్షన్ పథకం) వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. అయినా అరవై ఏళ్ల వరకు జీతం, దానితోపాటు సైనిక పెన్షన్, రాత్రికి సొంత ఇంట్లో భోజనం. మిగతా రెండు దారుల్లో ఈ మూడూ కలిసి దొరకడం అరుదు.

చివరిగా చాలామందికి తెలియని నిబంధన ఒకటి. కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ కోటా హక్కు మళ్లీ వాడుకోవడానికి ఉండదు. అయితే చేరేనాటికే వేరే నోటిఫికేషన్లకు దరఖాస్తు చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరాలు, తేదీలు రాసి కార్యాలయంలో స్వీయ ప్రకటన ఇవ్వాలి. 2014లో కేంద్రం ఇచ్చిన వెసులుబాటు ఇది. అలా ఇస్తే ఆ దరఖాస్తుల వరకు హక్కు నిలుస్తుంది. రైల్వేలో చిన్న పోస్టుకు పిలుపు వచ్చి, బ్యాంకు ఫలితం ఇంకా రానివాళ్లు చేరిన రోజే ఆ కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.