అడుగులేని కంపోస్ట్ బిన్, గునపం దిగని నేల

మాది విజయనగరం ఊరి చివర కొత్త లేఅవుట్. కొండకింద సైటు చవగ్గా వచ్చిందని కొనేసాం, ఎందుకు చవకో మొక్కలు పెడదామనుకున్న రోజు తెలిసింది. పైన జానెడు ఎర్రమట్టి, కిందంతా గ్రావెల్, ఆ కింద రాయి, పైగా పెరడంతా వెనక గోడవైపు ఏటవాలు. అలాంటి చోటికి జూన్‌లో ఆన్‌లైన్‌లో 200 లీటర్ల నల్ల ప్లాస్టిక్ కంపోస్ట్ బిన్ తెప్పించాను. అడుగు ఉండదు, పైన మూత, కింద పక్కన గత్తం, అంటే చెత్త కుళ్లి తయారైన ఎరువు, తీసుకోడానికి చిన్న తలుపు.

దాంతో వచ్చిన కాగితంలో మెత్తటి చదును నేలమీద పెట్టండి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. మెత్తటి నేలే ఉంటే నాకు కంపోస్ట్ దేనికయ్యా.

సరే అని అలాగే పెట్టేసా. రెండు గట్టి వానలకి పైనుంచొచ్చిన నీళ్లు బిన్ అంచుకింద మట్టి కోసేసి నాలుగు వేళ్ల సందు చేసాయి, అందులోంచి పందికొక్కు దూరింది, నల్లటి ఊట గోడదాకా జారింది. పక్కింటి మామ్మగారు గోడమీంచి చూసి "ఏటి బాబూ, అలాగొదిలీసేరేటి, కంపు మా వంటింట్లోకొచ్చీస్తంది" అన్నారు. రొయ్యల తొక్కలు కూడా నేనే వేసానని ఆవిడకి చెప్పలేదు లెండి.

ఇంక కూలీకి ఒకతన్ని పిలిచి ఎత్తువైపు ఆరంగుళాలు గునపంతో చెక్కించాను, దానికే ఒక పూట పట్టింది, ఆ వచ్చిన రాళ్లూ పాత ఇటుకలూ పల్లంవైపు పేర్చి సమం చేసాం. సిమెంట్ పోసేద్దాం సార్ అన్నాడు, వద్దన్నాను, ఊట ఇంకే దారి లేకపోతే అడుగున కుళ్లిపోద్ది. ఇటుకల మధ్య వేలెడు సందులు వదిలి, పైన అరంగుళం కన్ను ఇనప మెష్ పరిచి, దానిమీద కొబ్బరి డొక్కలు వేసి అప్పుడు బిన్ నిలబెట్టాం. ఎత్తువైపు చిన్న కాలవ తీసి వాననీళ్లు పక్కకి మళ్లించాం. పందికొక్కు మళ్లీ రాలేదు. ఇంకోటి, తలుపు పల్లంవైపు ఉండాలి, నేను మొదట ఎత్తువైపు పెట్టాను, గమేళా ఆనించే చోటే లేదు.

మామూలు నేలైతే అడుగునుంచి వానపాములు వాటంతటవే ఎక్కుతాయి, గ్రావెల్లో ఎక్కడుంటాయి పాపం. గజపతినగరం దగ్గర మా అమ్మావాళ్ల ఊరినుంచి సంచీడు పాత గత్తం తెచ్చి కలిపాకే లోపల కదలికొచ్చింది. బకెట్ తడిచెత్తకి రెండు మూడు బకెట్ల ఎండాకు వేస్తున్నా, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే ఇంకా ఎండాకు వెయ్యాల్సిందే. మామిడాకు, జీడాకు నలిపి వెయ్యండి, లేకపోతే నెలలు గడిచినా అలాగే ఉంటాయి. మధ్యలో తెల్లటి లావు పురుగులు పట్టాయి, మా అత్తమ్మ మూత తీసి కేకేసి పారిపోయింది, అవి సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, చెత్త తినిపెడతాయి, మనకేం చెయ్యవు. ఆవిడ మాత్రం ఇప్పటికీ ఆ వైపు రారు.

దసరా తర్వాత వచ్చే మా ఊరి పైడితల్లమ్మ పండగ ముందు వారం ఇసక జల్లెడ పట్టి మొదటి గత్తం తీసాను, ఒక సిమెంట్ సంచీడు వచ్చింది, మట్టివాసన తప్ప ఇంకేం లేదు. మామిడి టెంకలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి, మళ్లీ లోపల పడేసా.

బిన్‌కి 2,800 అయింది, నేల సరిచెయ్యడానికి ఇంకో 1,400. ప్లాస్టిక్ మందంగానే ఉంది, ఎండకి పగల్లేదు. నా రేటింగ్ 3 స్టార్లు. ఒకటి ఆ కాగితానికి కోసేసా, ఇంకోటి మూత క్లిప్పుకి, మొదటి పెద్ద గాలికే ఊడి మూత వీధిలో దొరికింది. స్పేర్ క్లిప్ అడిగి నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు. ప్రస్తుతానికి పాత సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టాను, దానికంటే ఇదే గట్టిగా ఉంది.